పిలిచినవాళ్ళకి థాంక్స్ ఎలా చెప్పాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విందుకి వెళ్ళొచ్చాక, లేదా ఎవరింట్లోనైనా నాలుగు రోజులుండి వచ్చాక, ఆ ఇంటివాళ్ళకి కృతజ్ఞత ఎలా తెలపాలన్న దాని మీద వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి పదిమంది అడిగిన చోట ఒక్క ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడల్లా వచ్చేముందు ‘చాలా బాగుంది, థాంక్స్’ అనేసి వచ్చేస్తుంటాను. మొక్కుబడిగా ఉందని నాకే అనిపిస్తోంది. అంతకంటే ఏం చెప్పాలి? ఎన్నిసార్లు చెప్పాలి?

రెండుసార్లు చాలు. బయల్దేరేటప్పుడు ఎదురుగా ఒకసారి, మర్నాడు ఫోన్లోనో మెసేజ్‌లోనో ఒకసారి. బాగా పొద్దుపోయాక బయల్దేరినా, దూరం వెళ్ళాల్సి ఉన్నా ‘ఇంటికి చేరాం’ అని ఒక ముక్క పెట్టండి. అది వాళ్ళు నిశ్చింతగా పడుకోడానికి, థాంక్స్ లెక్కలోకి రాదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి రాత్రి పదకొండున్నరకి పొడుగాటి మెసేజ్ పంపుతారు. ఆ వేళకి అవతలివాళ్ళు ఇంకా గిన్నెలు సర్దుకుంటూ ఉంటారు. దాన్ని చదివి, తగిన జవాబు రాయడం వాళ్ళకి ఆ రాత్రి మిగిలిన ఇంకో పని అవుతుంది. అసలు మాట మర్నాటికి ఉంచుకోండి. వాళ్ళు అలసట తీరి, నిన్నటి సాయంత్రాన్ని తల్చుకునే సమయానికి మీ మాట చేరుతుంది.

ఇక ఏం చెప్పాలన్నది. ‘బాగుంది’ అనేది వంటకి వేసే మార్కు. కృతజ్ఞత వండిన మనిషికి చేరాలి. దీని మీద సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరుని వాళ్ళు గమనించారు. ‘నాకు ఎంత హాయిగా అనిపించిందో’ అని తన లాభం చెప్పుకోవడం కన్నా, ‘ఇలా చేశావంటే నీకు ఎంత శ్రద్ధో’ అని ఎదుటివారి గుణాన్ని మెచ్చుకోవడమే విన్నవాళ్ళకి ఎక్కువ సంతోషాన్నిచ్చింది. విందు తర్వాత మనం రాసే మెసేజ్‌లు చూడండి. ‘మేం చాలా ఎంజాయ్ చేశాం, మాకు చాలా నచ్చింది, మా పిల్లలు ఆడుకున్నారు’ అంటూ అన్నీ మన గురించే ఉంటాయి.

కాబట్టి ముందు వాళ్ళు చేసిన పని ఒకటి, గుర్తుపట్టేలా చెప్పండి. ఆ పనిలో మీకు కనిపించిన వాళ్ళ గుణం చెప్పండి. ఆ తర్వాతే మీకు కలిగిన మేలు. మూడు వాక్యాల్లో అయిపోతుంది:

‘వదినా, నిన్న మా నాన్నకి సోఫాలోంచి లేవడం కష్టమవుతోందని మీరే గమనించి ఎత్తు కుర్చీ వేయించారు. ఒకరు అడిగేదాకా ఆగని మనసు మీది. ఆయన అంతసేపు కూర్చుని కబుర్లు చెప్పడం చూసి ఎన్నాళ్ళయిందో.’

దీనికి కావలసినదల్లా అక్కడ ఉన్నప్పుడు కళ్ళు తెరుచుకుని ఉండటం. వంట కాకుండా జరిగిన పని చాలా ఉంటుంది. మీకు పడనిది లేకుండా ఒక వంటకం విడిగా చేసి ఉంటారు. ఎవరూ తెలియని మిమ్మల్ని మాట కలిసేవాళ్ళ పక్కన కూర్చోబెట్టి ఉంటారు. పసిబిడ్డ నిద్రపోతే పక్క గదిలో లైటు ఆర్పి ఉంచుతారు. వెళ్ళగానే వీటిలో ఒక్కటి మనసులో పెట్టుకుంటే మర్నాడు మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మంచి ఉద్దేశంతో అన్నా చెడిపోయే మాటలు కొన్నున్నాయి. ‘ఫలానా వాళ్ళింట్లో కన్నా మీ దగ్గరే బాగుంది’ అంటే, రేపు మా గురించి ఇంకెక్కడ పోలుస్తారో అన్న అనుమానం నాటినట్టే. ‘ఎందుకండీ ఇంత ఖర్చు పెట్టారు’ అంటే వాళ్ళు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ‘పాపం, ఒక్కరే ఎంత కష్టపడ్డారో’ అన్న మాటలో మెప్పు కన్నా జాలి ఎక్కువ వినిపిస్తుంది. పైగా పక్కనే ఉన్న భర్తకో కూతురికో అది దెప్పిపొడుపులా తగులుతుంది.

ప్రశ్న: మెసేజ్ ఎవరికి పెట్టాలి? పిలిచింది నా స్నేహితుడు. వండింది వాళ్ళమ్మగారు. అందరం కలిసి ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో పెడితే సరిపోతుందా?

గ్రూప్‌లో పెట్టిన థాంక్స్ హాజరు వేయించుకోవడం లాంటిది. ఒకరు పెట్టగానే మిగతావాళ్ళంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టి దిగిపోతారు. ముప్పై నోటిఫికేషన్లు వస్తాయి, ఒక్కటీ గుర్తుండదు. గ్రూప్‌లో ఒక ముక్క పెట్టడం తప్పేమీ కాదు, పెట్టకపోతే లోటు కనిపిస్తుంది కూడా. కానీ అసలు మాట విడిగా వెళ్ళాలి.

ఎవరికి అంటే, పని చేసినవాళ్ళకి. స్నేహితుడికి పిలిచినందుకు చెప్పండి. అమ్మగారికి నేరుగా, వీలైతే ఫోన్ చేసి మాట్లాడండి. ‘ఆంటీకి థాంక్స్ చెప్పరా’ అని కబురు పంపితే సగం సార్లు అది చేరదు. చేరినా ‘వాడు నీకు థాంక్స్ చెప్పమన్నాడు’ అన్న ఒక్క ముక్కగా మిగులుతుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు రెండు నిమిషాల ఫోన్ కాల్ ఎంత పెద్ద మెసేజ్ కన్నా నయం. భోజనాల వేళా, మధ్యాహ్నం కునుకు తీసే వేళా తప్పించి చేయండి.

దంపతులు పిలిస్తే ఇద్దరి పేర్లూ రాయండి. పనంతా ఆవిడే చేసిందని ఆవిడకొక్కతెకే పంపితే బజారుకి నాలుగుసార్లు తిరిగినాయన మరుగున పడతాడు. ఆయన మీ స్నేహితుడు కదా అని ఆయనకొక్కడికే పంపితే మరీ అన్యాయం. మంచినీళ్ళు అందించిన పిల్లలుంటే వాళ్ళని పేరు పెట్టి పిలిచి, బయల్దేరేముందే చెప్పండి. ఎనిమిదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళు తన కళ్ళలోకి చూసి థాంక్స్ చెప్పడం చాలా పెద్ద విషయం.

ప్రశ్న: మా అత్తయ్య ఇంట్లో భోంచేసి ‘థాంక్స్ అత్తయ్యా’ అన్నాను. ‘మనలో మనకి థాంక్సేమిటే, పరాయిదానిలా’ అని నొచ్చుకుంది. దగ్గరివాళ్ళకి చెప్పకూడదా?

చెప్పాలి. ఆ మాట వాడకుండా చెప్పాలి. దగ్గరివాళ్ళకి ఆ పదం లెక్క తేల్చి చేతులు దులుపుకున్నట్టు వినిపిస్తుంది. అందుకని అసలేమీ అనకుండా తిని లేచి రావడమూ బాగుండదు. ఇంట్లో ఏళ్ళ తరబడి చేసే పనికి ఒక్కరూ ఒక్క మాటా అనకపోవడం చాలామంది లోపల మోసే బాధ.

మీ అత్తయ్యకి ఆ మాట బదులు ఆ విషయం చెప్పండి. ‘అత్తయ్యా, నాకు కారం తగ్గించి విడిగా తీశావు చూడు, నీకెలా గుర్తుంటుందో!’ అంటే ఆవిడ అభ్యంతరం పెట్టదు. రెండోది, ఆవిడ వింటుండగా ఇంకొకరితో చెప్పండి. మీ మావయ్యతో, ‘అత్తయ్య దగ్గర ఒక్కపూట ఉంటే వారం అలసట పోతుంది మావయ్యా’ అనండి. మూడోది, పది రోజుల తర్వాత ఏ పనీ లేకుండా ఫోన్ చేసి మాటల మధ్యలో ఆ రోజు సంగతి ఎత్తండి. అప్పటికి ఆ మాటకి మర్యాద రంగు పోతుంది, ప్రేమ ఒక్కటే మిగులుతుంది.

ఇలా అంటే ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని వెనకాడకండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిచేత తమకి మేలు చేసినవాళ్ళకి కృతజ్ఞతతో ఉత్తరాలు రాయించారు. రాసినవాళ్ళు అవతలివాళ్ళకి ఎంత ఇబ్బందిగా ఉంటుందో అనుకున్నారు. అందుకున్నవాళ్ళకి అంత ఇబ్బందేమీ లేకపోగా, రాసినవాళ్ళు ఊహించిన దానికంటే ఎక్కువ సంతోషం కలిగింది. మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని రాసేవాళ్ళు మథనపడితే, చదివేవాళ్ళు అందులోని ఆప్యాయతనే చూశారు.

ప్రశ్న: గుమ్మం దగ్గర వీడ్కోలు ముప్పావుగంట పడుతోంది. మధ్యలో ఎలా తెంచాలో తెలియదు.

థాంక్స్ గుమ్మం దగ్గర మొదలుపెడితే వచ్చే చిక్కు ఇది. కూర్చుని ఉన్నప్పుడే చెప్పేయండి. మాటల్లో కాస్త విరామం దొరికినప్పుడు ‘ఇంక పది నిమిషాల్లో బయల్దేరతాం’ అనండి. ఆ పది నిమిషాల్లో చెప్పదల్చుకున్నదంతా, తీరిగ్గా, కూర్చునే చెప్పండి. ఈలోగా చెప్పులు, సంచులు, పిల్లల బొమ్మలు, ఫోన్ ఛార్జర్ ఒకచోట చేరాలి. ఆ తర్వాత లేచారంటే మళ్ళీ కూర్చోకూడదు. గుమ్మం దగ్గర ఒకే వాక్యం, కొత్త కబురు ఎత్తకూడదు. వంటకం ఎలా చేశారని అడగాలనుంటే మర్నాటి ఫోన్‌కి ఉంచుకోండి. ఆ ఫోన్‌కి అదే మంచి వంక అవుతుంది.

ఇంటివాళ్ళు ‘అప్పుడేనా’ అంటే ఒకసారి నవ్వి ఊరుకోండి. రెండోసారి గట్టిగా పట్టుబడితే నిజంగా ఉండమంటున్నారు. అప్పుడూ ఉండాలా వద్దా అన్నది వాళ్ళ మొహాల్లో అలసట చూసి నిర్ణయించుకోండి, మాట చూసి కాదు.

ప్రశ్న: ఉద్యోగం పని మీద అన్నయ్యగారింట్లో పది రోజులుండాలి. హోటల్ వద్దని వాళ్ళే పట్టుబట్టారు. డబ్బిస్తే తీసుకోరు. వాళ్ళకి ఎలా కృతజ్ఞత చూపించాలి?

పది రోజుల ఆతిథ్యానికి థాంక్స్ చివరిరోజు చెప్పే మాటతో తీరదు. అది వెళ్ళకముందే మొదలవుతుంది.

వెళ్ళేముందు వచ్చే తేదీ, సమయం, వెళ్ళే తేదీ రాతపూర్వకంగా పంపండి. ‘ఓ వారం పది రోజులు’ అంటే వాళ్ళు తమ పనులేవీ ఖాయం చేసుకోలేరు. చెప్పిన తేదీకి బయల్దేరడం మీరు చూపించగల పెద్ద గౌరవం. పని తొందరగా అయిపోతే ముందే వెళ్ళొచ్చు. పొడిగించాల్సి వస్తే మాత్రం మిగిలిన రోజులకి వేరే చోటు చూసుకుని, ఆ తర్వాతే ఆ సంగతి చెప్పండి.

ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే ఆ పూట భోజనానికి ఉంటారో లేదో చెప్పండి. ఇది చిన్నగా కనిపిస్తుంది గానీ ఇళ్ళల్లో విసుగు మొదలయ్యేది ఇక్కడే. వండి ఎదురుచూస్తే మీరు బయట తినేసి వస్తారు, లేదా లేరనుకుంటే ఆకలితో దిగుతారు. స్నానాల గదిని వాళ్ళు ఆఫీసుకీ స్కూలుకీ బయల్దేరే హడావుడిలో ఆక్రమించకండి. ఏ వేళ ఖాళీగా ఉంటుందో మొదటిరోజే అడగండి.

డబ్బు తీసుకోరు కాబట్టి సరుకులు తెండి. ‘ఏం తేను?’ అని అడిగితే ‘ఏమీ వద్దు’ అంటారు. ఇంట్లో రోజూ ఖర్చయ్యేవేమిటో గమనించి, రెండుమూడు రోజులకోసారి అవే తీసుకురండి. వాళ్ళు వాడే రకమే తేవాలి. పదిరోజుల్లో ఒక పూట మీరు బయట భోజనానికి తీసుకెళ్ళండి, లేదా వంటింట్లోకి మిమ్మల్ని రానిచ్చే ఇల్లయితే ఒక పూట మీరే వండండి. వండితే గిన్నెలు కడిగి, స్టవ్ తుడిచేదాకా మీదే బాధ్యత. సగం పని చేసి వదిలేసే సాయం వాళ్ళకి రెట్టింపు పని. ఒక సాయంత్రం ఇంట్లో లేకుండా ఉండండి, ముందే చెప్పి. వాళ్ళకి తమ ఇల్లు తమకి దొరికిన ఆ నాలుగు గంటలు మీరిచ్చే కానుకే.

అతి సాయం కూడా వద్దు. వంటింటి డబ్బాలు సర్దడం, మూలల్లో దుమ్ము దులపడం, ఫ్రిజ్ శుభ్రం చేయడం చేస్తే ‘ఇల్లు శుభ్రంగా ఉంచుకోరా’ అని విమర్శించినట్టవుతుంది. మీరు వాడిన చోటు, అందరూ కలిసి తిన్న గిన్నెలు, బయట పారేయాల్సిన చెత్త. అంతటితో ఆగండి.

బయల్దేరే ముందురోజు రాత్రి అడగండి: ‘దుప్పట్లు తీసి వాషింగ్ మెషీన్ దగ్గర పెట్టనా, అలాగే ఉంచనా?’ కొందరికి తీయడం నచ్చుతుంది, కొందరు మర్నాడు తామే చూసుకుంటామంటారు. తీయమంటే దుప్పటి, దిండు గలీబులు, మీరు వాడిన తువ్వాలు ఒక కుప్పగా పెట్టండి. తడి తువ్వాలుని ఆ కుప్పలో చుట్టకండి, వాసన పట్టేస్తుంది. విడిగా ఆరేయండి. పరుపు మీదా అసలే వద్దు. గదిలో చెత్తబుట్ట ఖాళీ చేయాలి. మంచం కిందా, సొరుగుల్లోనూ, స్నానాల గదిలోనూ మీ వస్తువుల కోసం వెతకాలి. మర్చిపోయిన ఛార్జర్‌ని పార్సిల్ చేసి పంపించడం వాళ్ళ నెత్తిన పడుతుంది. ఫ్రిజ్‌లో మీరు పెట్టుకున్నవి తీసేయండి. తాళంచెవి చేతికివ్వండి. బల్ల మీద పెట్టి వెళ్ళిపోతే కనపడక కంగారు పడతారు.

ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళకి మీవల్ల పని పెరిగి ఉంటుంది. వాళ్ళకి ఏమైనా ఇవ్వాలనుకుంటే ఎంత, ఎలా అన్నది ఇంటావిడతో మాట్లాడి ఇవ్వండి. చెప్పకుండా ఎక్కువ ఇస్తే ఆ తర్వాతి నెల ఇంటివాళ్ళకి ఇబ్బంది.

మీరుండగా కాగితం మీద నాలుగు మాటలు రాసి గదిలో దిండు మీదో బల్ల మీదో పెట్టి రండి. ఇంటికొచ్చాక మూడు రోజుల్లోపు ఫోన్ చేయండి. ఆ ఫోన్‌లో మీ పని ఏమైందో తప్పకుండా చెప్పాలి. ఏ పని కోసం వాళ్ళు మిమ్మల్ని ఉంచుకున్నారో అది అయిందా లేదా అని వాళ్ళకి ఆత్రుత ఉంటుంది. నెలకి ఎవరి ద్వారానో తెలిస్తే చివుక్కుమంటుంది.

ప్రశ్న: ఏం పట్టుకెళ్ళాలి? చేతులూపుకుంటూ వెళ్ళడం ఇష్టం లేదు. పెద్దది తీసుకెళ్ళే స్తోమత లేదు.

పెద్దది అక్కర్లేదు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు 2009లో చూపించిన విషయమిది: ఎక్కువ ధర పెడితే ఎక్కువ నచ్చుతుందని ఇచ్చేవాళ్ళు అనుకుంటారు, పుచ్చుకునేవాళ్ళలో మాత్రం ధరకీ మెప్పుకీ సంబంధం కనబడలేదు. పైగా ఖరీదైన కానుక వాళ్ళ మీద బాకీలా కూర్చుంటుంది.

మా సలహా, వాడితే అయిపోయేది ఇవ్వండి. గోడకి తగిలించేవి, అల్మరాలో పెట్టేవి వద్దు. మీరు వచ్చినప్పుడల్లా వాటిని బయటికి తీసి పెట్టాల్సిన గతి వాళ్ళకి పడుతుంది. వెంటనే పాడైపోయేది, వెంటనే వడ్డించాల్సినది పట్టుకెళ్ళకండి. వాళ్ళు వేసుకున్న భోజన పథకం తలకిందులవుతుంది. ‘ఇది మీకు, తర్వాత తీరిగ్గా చూసుకోండి’ అని చెప్పి ఇస్తే అక్కడికక్కడ పంచాలా వద్దా అన్న తటపటాయింపు ఉండదు.

పూలు తీసుకెళ్తే విడి పూలగుత్తి కన్నా ఏదో ఒకదాంట్లో అమర్చి ఉన్నది మేలు. లేకపోతే అతిథులు వస్తున్న వేళ ఇంటావిడ అన్నీ వదిలి కూజా వెతుక్కోవాలి. విందుకి ముందురోజు పంపడం ఇంకా బాగుంటుంది. ఆ ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీ పూలు అసలు వద్దు. వాటి రేకులు, ఆకులు, పుప్పొడి, అవి ఉంచిన నీళ్ళు కూడా పిల్లుల కిడ్నీలని దెబ్బతీస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఘాటైన పరిమళాలు మానండి.

ధర చీటీ పీకేయండి. ఇచ్చాక ‘విప్పి చూడండి’ అని ఒత్తిడి చేయకండి. ఆ తర్వాత ‘వాడుతున్నారా?’ అని అడగకండి. ఏదీ కొనలేని పరిస్థితిలో ఉంటే, చేత్తో రాసిన ఉత్తరం ఏ వస్తువుకీ తీసిపోదు.

ప్రశ్న: మా బాబు వాళ్ళింట్లో గాజు సామాను పగలగొట్టాడు. థాంక్స్ మెసేజ్‌లో క్షమాపణ కూడా కలిపి రాయాలా?

రెంటినీ కలగాపులగం చేయకండి. జరిగిన క్షణంలోనే క్షమాపణ చెప్పి, ముక్కలు ఏరడంలో చెయ్యి వేసి ఉంటారు. మర్నాడు థాంక్స్ మెసేజ్‌లో దాన్ని ఒక్క వాక్యంలో, చివర, చేయబోయే పనితో సహా చెప్పండి: ‘ఆ గిన్నె లాంటిది దొరికితే తెస్తాను, దొరక్కపోతే మీకు నచ్చింది చెప్పండి.’ మెసేజంతా అదే నిండిపోతే వాళ్ళే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. వాళ్ళు వద్దంటే ఒకసారి మళ్ళీ అడిగి ఊరుకోండి. అది ఎవరి గుర్తుగానో దాచుకున్నదైతే కొత్తది తెచ్చి దాని స్థానంలో పెట్టబోకండి. ‘దానికి బదులు ఉండదని తెలుసు, చాలా బాధగా ఉంది’ అన్న మాటే సరైనది.

ప్రశ్న: ఆ రోజు ఏదీ బాగోలేదు. భోజనం ఆలస్యమైంది, తినలేకపోయాను, మాటల్లో గొడవ కూడా జరిగింది. అబద్ధం చెప్పకుండా థాంక్స్ చెప్పడం ఎలా?

వంటని పొగడాలన్న నియమమేమీ లేదు. మిమ్మల్ని పిలవాలని వాళ్ళకి తోచింది, ఒక రోజు మీకోసం కేటాయించారు. ఆ రెండూ నిజాలే. ‘మమ్మల్ని గుర్తుపెట్టుకుని పిలిచినందుకు, మా కోసం రోజంతా పెట్టినందుకు చాలా సంతోషం’ అని రాయండి. ఒక్క మంచి క్షణం ఉంటే అదీ కలపండి. అతిగా పొగిడితే వాళ్ళకి తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రోజు బాగా జరగలేదని మీకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. అలాంటి రోజు తర్వాత మెసేజ్ రాకపోతే ఆ బాధ రెట్టింపవుతుంది. అందుకే బాగా జరిగిన విందు కన్నా చెడిన విందుకే మర్నాటి మాట ఎక్కువ అవసరం.

తిన్న తర్వాత ఒంట్లో బాగోకపోతే మాత్రం చెప్పాలి, మిగతావాళ్ళకీ అలాగే ఉందేమో తెలుసుకోడానికి. అది విడి ఫోన్, నింద లేని గొంతుతో.

ప్రశ్న: మూడు నెలలైంది. చెప్పనే లేదు. ఇప్పుడు చెబితే నవ్వుకుంటారేమో?

చెప్పండి. ఆలస్యానికి కారణాలు రాయకండి. ఒక్క వాక్యంలో ‘ఎప్పుడో చెప్పాల్సింది’ అని ఒప్పుకుని, మిగతాదంతా ఆ రోజు మీకు ఇప్పటికీ గుర్తున్న విషయం గురించే రాయండి. మూడు నెలల తర్వాత కూడా గుర్తుందంటే ఆ మాటకి బరువు తగ్గదు, పెరుగుతుంది.

ప్రశ్న: విందు ఫొటోలు పెట్టి వాళ్ళని ట్యాగ్ చేస్తే అది థాంక్స్ కాదా?

కాదు. అది మీ స్నేహితులకి చెప్పడం. వాళ్ళు పిలవని వాళ్ళెవరైనా చూస్తే ఇంటివాళ్ళకి తలనొప్పి కూడా. ఇల్లు, పిల్లలు కనిపించే ఫొటోలు అడక్కుండా పెట్టకండి. మంచి ఫొటోలు తీసి ఉంటే వాళ్ళకే నేరుగా పంపండి. ముఖ్యంగా ఇంటావిడ ఉన్నవి. రోజంతా వంటింట్లో ఉన్న మనిషి ఎవరి ఫొటోలోనూ ఉండదు.

ప్రశ్న: ఒకే గదిలో ఉంటాను. ఎవరినీ తిరిగి పిలవలేను. వాళ్ళు మాత్రం తరచూ పిలుస్తున్నారు. మొహమాటంతో వెళ్ళడం మానేయాలనిపిస్తోంది.

మానకండి. విందుకి విందే చెల్లుబడి కానక్కర్లేదు. మీరు చేయగలిగి, వాళ్ళకి చేయడం కష్టంగా ఉన్న పని ఏదో చూడండి. వాళ్ళు ఊరెళ్తే మొక్కలకి నీళ్ళు పోయడం, పెద్దవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినప్పుడు తోడెళ్ళడం, పిల్లాడికి లెక్కలు చెప్పడం, ఫోన్‌లో పెద్దాయనకి తెలియనిది చూపించడం. ‘ఏదైనా కావాలంటే చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. ‘ఈ ఆదివారం పొద్దున్న నాకు ఖాళీ, బాబుకి లెక్కలు చెప్పనా?’ అంటే జవాబొస్తుంది. మీ గదికి ఇద్దర్ని టీకి పిలవగలిగితే అదీ పిలుపే. స్టూళ్ళు లేకపోతే బయట పార్కులో కూర్చోవచ్చు.

విందుకి వెళ్ళినప్పుడు కాస్త ముందే వెళ్ళడం, చివర్లో కుర్చీలు సర్దేదాకా ఉండటం ఒంటరిగా ఉన్నవాళ్ళు తేలిగ్గా చేయగలిగిన పని. ముందే వస్తానని చెప్పి వెళ్ళండి. చెప్పకుండా అరగంట ముందు దిగితే అదే వాళ్ళకి కంగారు.

ప్రశ్న: వచ్చేటప్పుడు మిగిలినవి డబ్బాలో పెట్టిచ్చారు. ఆ డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదంటారు. నిజమేనా?

ఖాళీగా ఇచ్చినా ఏమీ కాదు. ఇవ్వకపోవడమే తప్పు. వారం పది రోజుల్లోపు తిరిగివ్వండి. ఏదో ఒకటి చేసి నింపి ఇద్దామని ఆగితే ఆ రోజు రాదు, డబ్బా మీ అల్మరాలోనే ఉండిపోతుంది. మూత తీసి, రబ్బరు చుట్టు విడిగా ఉంటే దాన్నీ తీసి కడగండి. వాసన అక్కడే ఉంటుంది. పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. రెండు మూడు డబ్బాలుంటే ఏ మూత దేనిదో సరిచూసుకోండి. ఎప్పుడు తెచ్చివ్వమంటారో ముందు అడిగి, గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేయండి. మళ్ళీ వాళ్ళు టీ పెట్టాల్సిన అవసరం రానివ్వకండి.